కొడుకు గొంతుకో వేలిముద్ర

“మామా, ఆ ఫోను తీసింది నువ్వే.”

వినీల ఆ మాట అనేసరికి రమణయ్య చేతిలోని చద్దన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయింది. మూడేళ్లుగా ఈ ఇంట్లో మసలుతూ, మామ ఎదురుపడితే పక్కకు తప్పుకునే పిల్ల ఇవాళ నడిమింట్లో ట్రంకుపెట్టె బోర్లించింది. చీరలు, చొక్కాలు, ఆధార్ కాగితాలు, పాత వలముక్కలు అన్నీ కింద పోసి, వాటి మధ్యన నిలబడి మామను దొంగను చేసింది.

వసారాలో కూర్చున్న పేరమ్మ తల ఎత్తలేదు. ఒళ్లో చేట, చేటలో బియ్యం. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరుతోంది.

“నా కొడుకు ఫోను నేను తీసి ఏం జేసుకుంటానుమే?” అన్నాడు రమణయ్య.

“అది నువ్వే చెప్పాల. ఆయన చివరిసారి వేటకు పొయ్యిన నాడు ఆ ఫోను ఈ ఇంట్లోనే ఉండె. ఛార్జింగు అయిపొయ్యిందని ఆ కిటికీలో పెట్టి పొయ్యినాడు. కర్మ జరిగినాక చూస్తే లేదు. ఈ ఎనిమిది నెల్లూ ఎవురో చుట్టాలు ఎత్తకపొయ్యినారనుకున్నా. నిన్న నువ్వు ఫ్యాక్టరీవోళ్లు రాసిచ్చిన కాయితం పట్టుకోని ఇంటికొస్తివే, అప్పుడు తగిలింది నాకు అనుమానం.”

“ఏమని?”

“ఫోను దొరికితే ఆయన చెప్పింది నిజమని తేలిపోద్ది. దొరక్కపోతే ఎవురికి మేలు? వాళ్లకే గదా!”

రమణయ్య ముద్దను కంచంలో పడేసి, కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. అరవైకి దగ్గరపడిన మనిషి. కోపం వస్తే ఇల్లెగిరిపోయేట్టు అరిచే మనిషి. ఇవాళ అరవలేదు. అరిస్తే బాగుండునని పేరమ్మకు అనిపించింది.

“పేరమ్మా, విన్నావా నీ కోడలి మాట?” అన్నాడు.

పేరమ్మకు వినబడింది. ఆ ఫోను మొగుడు తీయలేదని ఆమెకు తెలుసు. ఎవరు తీశారో, ఎక్కడ పెట్టారో కూడా తెలుసు. తేలు కుట్టిన దొంగలా బియ్యం ఏరుతూనే ఉంది.

*

నాలుగు రోజుల కిందటిదాకా పేరమ్మకు తెల్లవారడం ఒక తీరుగా ఉండేది. పొయ్యి అంటించి, టీ నీళ్లు పెట్టి, కొంగుతో తన ఫోను అద్దం తుడిచి, కొడుకు నేర్పిన చోట వేలు పెట్టేది. ఆమెకు చదువు రాదు. వేలు పెట్టే చోటు మాత్రం వచ్చు.

వెంటనే సుధాకర్ వచ్చేసేవాడు. “నమస్తే అన్నా, నమస్తే అక్కా! సముద్రం పక్కన సుధాకర్‌ని మాట్లాడతండా!”

వాడి ఛానల్లో నూరుకు పైగా వీడియోలు ఉండేవి. వల ఎట్లా కుడతారో ఒకటి, ఏ గాలికి ఏ చేప పడుతుందో ఒకటి, మైపాడు బీచికొచ్చిన పట్నపోళ్లు అలకు భయపడి కేకలు పెట్టడం ఒకటి. పేరమ్మకు ఇష్టమైంది చేపల పులుసు వీడియో. అందులో వాడు, “అమ్మా, వెలుగుకు అడ్డం రాబాక, కొంచెం జరుగు!” అంటాడు. వీడియో చూస్తున్నప్పుడు కూడా ఆ మాట రాగానే పేరమ్మ పొయ్యి దగ్గర ఒక పక్కకు జరిగేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే పిచ్చిదంటారు.

ఆ నూటిలో రెండంటే రెండు వీడియోలు మాత్రం వేరు. ఉప్పుకాలవ గట్టున నిలబడి, రొయ్యల ఫ్యాక్టరీ గొట్టంలోంచి నల్లనీళ్లు కాలవలోకి దిగడం, జెల్లలూ పీతలూ తెల్లగా తేలడం చూపించాడు. “ఈ నీళ్లు తాగి చేప చచ్చిపోతాంది. రేపు మనం చేపను తిని ఏమైపోతామన్నా?” అని అడిగాడు. అడిగిన నెలకే సముద్రం వాణ్ణి మింగేసింది. ఒళ్లు కూడా ఒడ్డుకు రాలేదు.

వాడు పోయినా ఆ రెండు వీడియోలు చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు. ఫ్యాక్టరీవాళ్లు అవి అబద్ధాలని ఎక్కడో పెద్ద ఆఫీసులో ఫిర్యాదు పెట్టారు. ఆ ఆఫీసు ఉత్తర్వు వేసింది. ఉత్తర్వు అందుకున్న వీడియోల కంపెనీవాళ్లు ఆ రెంటినే తీసేస్తే పోయేది. మొత్తం ఛానలే మూసేశారు. నాలుగు రోజుల కిందట పేరమ్మ పొయ్యి ముందు వేలు పెడితే బూడిద రంగు అద్దం, దాని మీద రెండు వరసల ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. ఫోను చెడిపోయిందనుకుని కొంగుతో మళ్లీ తుడిచింది. ఆ రోజంతా తుడుస్తూనే ఉంది.

*

విజయభాస్కర్ బండి ఇంటి ముందు ఆగేసరికి మామా కోడళ్ల మధ్య ఆ మాట అట్లాగే నిలబడి ఉంది. అతనిది మైపాడు సెంటర్లో ఇంటర్నెట్ కొట్టు. సుధాకర్‌కు సావాసగాడు, ఆ ఛానల్ పెట్టించింది కూడా అతనే. అతన్ని చూడగానే వినీల కింద పడున్న బట్టలు కాలితో పక్కకు నెట్టి కుర్చీ వేసింది.

“ఏమన్నారన్నా? మన అర్జీకి జవాబొచ్చిందా?”

“వచ్చింది చెల్లెమ్మా.” అతను జేబులోంచి మడిచిన కాగితం తీశాడు గాని విప్పలేదు. “వాళ్లు ఛానలు మూసే ముందే జాబు రాసినారంట. మీ వీడియోల మీద ఉత్తర్వు వచ్చింది, మీరేమన్నా చెప్పుకునేదుంటే ఫలానా తేదీలోపల చెప్పుకోండి అని. ఎవురూ చెప్పుకోలేదు గాబట్టి మూసేసినారు.”

“ఎవురికి రాసినారు?” అంది పేరమ్మ వసారాలోంచి. ఆ పొద్దుట ఆమె నోట వచ్చిన మొదటి మాట అది.

“సుధాకర్‌కి, పెద్దమ్మా.”

“సముద్రంలోకి రాసినారా?”

ఆమె ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగింది. విజయభాస్కర్ కాగితాన్ని మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు.

“వాడి మెయిలుకు రాసినారు పెద్దమ్మా. దాన్ని తెరిచేవోళ్లు ఎవురుండారు?”

“వాడు లేడని చెప్పకపొయ్యినావా నాయనా?”

“చెప్పినా. లేడంటే చచ్చిపొయ్యిన సర్టిఫికెట్టు పెట్టమంటారు. ఒళ్లు దొరకలేదు గాబట్టి ఆ సర్టిఫికెట్టు మనకియ్యలేదు. పోనీ బతికుండాడనుకోండి అంటే, వాడి నంబరుకు ఓటీపీ వచ్చుంటాది, అది చెప్పమంటారు. ఆ నంబరు రీచార్జి లేక ఎప్పుడో ఆగిపొయ్యింది. నిన్న దానికి ఫోన్ జేస్తే ఎవురో ఆడమనిషి ఎత్తింది. ఆ నంబరు ఇప్పుడు ఆమెదంట. సుధాకర్ ఎవురో నాకు తెల్దు బాబూ అని పెట్టేసింది.”

చచ్చినవాడి కింద లెక్కలేదు, బతికినవాడి కిందా లెక్కలేదు. రమణయ్య స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

“ఆ రెండు వీడియోలు ఎవురి ఫోన్లోనూ లేవా అన్నా?” అంది వినీల. “అప్పట్లో ఊరంతా ఒకరికొకరు పంపుకున్నారే!”

“ఆ వీడియోల కోసం పోలీసులు వచ్చిపొయ్యినాక మీ పాళెంలో దురాయి వేసినారు గదా చెల్లెమ్మా. అందరూ తుడిచేసుకున్నారు.”

దురాయి అంటే ఈ పాళెంలో కులపెద్దలు కూర్చుని పెట్టే కట్టుబాటు. గవర్నమెంటు చట్టాన్నయినా తప్పించుకోవచ్చు గాని దురాయిని తప్పించుకోలేరు. ఫలానా రోజు వేటకు పోకూడదంటే ఒక్క పడవా కదలదు. సుధాకర్ వీడియో ఎవరి ఫోన్లోనూ ఉండకూడదన్నారు. ఒక్క పూటలో ఊరు ఊరంతా వాణ్ణి తుడిచేసింది.

“నీకాడ?” అని అడిగింది వినీల.

విజయభాస్కర్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. “నా కొట్టుకు కూడా వచ్చినారు చెల్లెమ్మా. కంప్యూటర్లు ఎత్తకపోతామన్నారు. నాకూ ఇద్దరు బిడ్డలుండారు.”

అతను ఒక తిట్టన్నా అనిపించుకోవడానికే వచ్చినట్టుగా కాసేపు ఎదురుచూశాడు. ఎవరూ తిట్టకపోవడమే అతనికి ఎక్కువ బాధయింది.

“ఇంక ఒకటే దారి,” అన్నాడు లేస్తూ. “వాడు తీసిన ఆ ఫోను. అందులో అసలు వీడియో ఉంటాది, ఏ తేదీన, ఏ చోట తీసినాడో కూడా ఉంటాది. మార్చలేదు, అతికించలేదు అని చూపించొచ్చు. నెల్లూర్లో నాకు తెలిసిన వకీలు ఉండాడు. ఫోను తెస్తే కేసు నేను నడుపుతానన్నాడు. ఫోను లేకుంటే ఎవురూ ఏం చెయ్యలేరు.”

*

“ఇంత ఎందుకుమే?” అన్నాడు రమణయ్య, బండి చప్పుడు దూరమయ్యాక. “ఫ్యాక్టరీవోళ్ల కాయితం మీద ముద్ర వేసేద్దాం. ఆ రెండు వీడియోలు పోతే పోనీ. మిగతా నూరూ వదిలిపెట్టమని వాళ్లే రాసిస్తామన్నారు.”

“కాయితంలో ఏముందో చదివినావా మామా?”

“నాకు చదువొస్తే వల ఎందుకు పడతాను?”

“నేను చదివినా. ‘మా సుధాకర్ పేరు కోసం, లైకుల కోసం అబద్ధం వీడియోలు తీసినాడు, మేము సిగ్గుపడతన్నాం’ అని ఉండాది. దాని కింద పెళ్లాం సంతకం, తల్లి వేలిముద్ర కావాలంట. పైన సాక్షులుగా కులపెద్దలు.”

“చచ్చినోడికి సిగ్గేందిమే? బతికున్నోళ్ల సంగతి చూడు.” రమణయ్య గొంతు మొదటిసారి లేచింది. “నీ అత్త నాలుగు రోజులుగా మెతుకు ముట్టలేదు. తెల్లారి లేచి ఆ పాడు ఫోన్ను తుడస్తా కూర్చుంటాది. నేను కళ్లు మూసుకోని పడుకున్నట్టు నటిస్తండా. నా బాధ నీకేం తెలుసు? దానికి వాడి గొంతు వినబడాల. అంతే నాకు కావాల్సింది. ఫ్యాక్టరీ చావనీ!”

పేరమ్మ చేతిలోని బియ్యపు గింజ జారిపోయింది. ముప్పై అయిదేళ్ల కాపురంలో మొగుడు తన కోసం ఇంత మాట అనడం ఆమె వినలేదు. విన్నరోజున కూడా తలెత్తి అతని మొహం చూడలేని స్థితి తెచ్చుకుంది.

“ఆయన గొంతు నాకు వద్దా మామా?” అంది వినీల. ఏడుపు వస్తుంటే పళ్లు బిగబట్టింది. “ఆ ఫోన్లో మా పెళ్లి ఫోటోలుండాయి. నేను పుట్టింటికి పోతే నాకు పంపిన మాటలుండాయి. నాకు అదొక్కటే ఉండె. కానీ ఆయన్ను అబద్ధాలకోరు అని నా చేత్తో రాసిచ్చి, ఆయన గొంతు తెచ్చుకోని వినమంటావా? అప్పుడు ఆ గొంతు నన్ను ఏమని అడగతాది?”

తర్వాత అత్త ముందుకొచ్చి గొంతుక్కూర్చుంది.

“అత్తా, నువ్వొక్కదానివే ఇల్లు కదలకుండా ఉండినావు ఆ రోజుల్లో. ఫోను ఎవురు తీసినారో నువ్వు చూసినావా? మామ తీసుంటే చెప్పు. నేనేం అనుకోను. నాకు ఫోను కావాల.”

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. పేరమ్మ చేటలోని బియ్యాన్ని చేత్తో సాపు చేసింది.

“నేను చూళ్లేదు తల్లీ.”

రమణయ్య చొక్కా భుజాన వేసుకుని బయటికి పోయాడు. పోతూ పోతూ పెళ్లాం వంక ఒక చూపు చూశాడు. నేను తీయలేదని నువ్వన్నా చెప్పకపోతివే అన్నట్టుంది ఆ చూపు.

*

ఒళ్లు దొరకనివాళ్లకు ఈ పాళెంలో గడ్డితో మనిషిని చేస్తారు. మనిషి పొడుగూ వెడల్పూ కొలత ప్రకారం వరిగడ్డి పేని, చొక్కా తొడిగి, లుంగీ చుట్టి, సరుగుడు తోపు వెనక ఇసకదిబ్బలో పాతిపెడతారు. తల్లి గాని పెళ్లాం గాని ఆ గడ్డిమనిషికి ఇష్టమైంది ఏదో ఒకటి పక్కన పెడతారు. బీడీకట్టో, దువ్వెనో, చిన్న మిఠాయి పొట్లమో. పాతిపెట్టాక ఆ మన్ను తాకకూడదు. చచ్చినవాళ్లకు ఇచ్చింది తిరిగి అడగకూడదు. అడిగితే పోయినవాడు దారి మధ్యలో నిలబడిపోతాడంటారు.

సుధాకర్ పేర చేసిన గడ్డిమనిషిని పాతిపెట్టే ముందురోజు ఇంటినిండా చుట్టాలు. వినీల ఒక మూల తెలివితప్పి పడుంది. కిటికీలో ఆ ఫోను పేరమ్మకు కనబడింది. ఛార్జింగు ఉండి, వాడు దాన్ని తీసుకుపోయి ఉంటే, పడవ తిరగబడే ముందు ఒక్క ఫోను చేసి ఉండేవాడు గదా! ఎవరన్నా పోయి ఉండేవాళ్లు గదా! ఆ తల్లి బుర్రలో ఆ ఆలోచన ఒక్కటే తిరిగింది. ఫోనును ఛార్జింగుకు పెట్టింది. నిండిందో లేదో పక్కింటి పిల్లను అడిగి తెలుసుకుంది. వాడు వేటకు పోయేటప్పుడు తడవకుండా ఎట్లా చుట్టేవాడో అట్లాగే రెండు ప్లాస్టిక్ కవర్లలో వేసి, వలదారంతో ముడి మీద ముడి వేసి, గడ్డిమనిషి చొక్కా జేబులో పెట్టింది. జేబు మీద చేత్తో తట్టింది కూడా.

వాడి గొంతు తన ఫోన్లో ఎట్లాగూ ఉంది గదా అనుకుంది. వేలు పెడితే వచ్చే గొంతు ఎవడో ఎక్కడో ఉత్తర్వు వేస్తే పోతుందని ఆమెకు ఎవరు చెప్పారు? తన ఇంట్లో ఉన్నది తనది కాదని ఎట్లా తెలుస్తుంది?

నాలుగు రోజులకు తేరుకున్న వినీల ఫోను కోసం వెతికి వెతికి ఏడిస్తే, “చుట్టాలెవరో తీసుంటారులే తల్లీ” అని పేరమ్మే అంది. ఆ ఒక్క అబద్ధానికి ఇవాళ మొగుడు దొంగయ్యాడు.

*

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు వలల షెడ్డు కింద పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్లు ఎండలో నిలబడ్డారు. సగంమంది ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలిచేవాళ్లే. ఆ పూట పని మానుకుని వచ్చారు. చిన్నపోలయ్య పాళేనికి పెద్దకాపు. మనిషి చెడ్డవాడు కాదు. సుధాకర్ పోయిన రోజున మూడు పడవలు వేసుకుని రెండు రోజులు సముద్రాన్ని గాలించినవాడే. ఆ మనిషే ఇవాళ కాగితం మోకాలి మీద పెట్టుకుని, పక్కన స్టాంపుప్యాడు తెరిచి కూర్చున్నాడు.

“అమ్మే పేరమ్మా, ఇది నీ ఒక్కదాని సంగతి గాదు. ఫ్యాక్టరీ మూసుకోనిపోతే ఇంతమంది ఆడోళ్లు యాడికి పోవాల? మళ్లీ పోలీసులు ఊళ్లోకి రాకూడదు. నలుగురితో నారాయణ. ముద్ర వెయ్యి. నీ కొడుకు గొంతు నీకొస్తాది, ఊరి పని ఊరికుంటాది.”

పేరమ్మ ముందుకు వచ్చి కూర్చుంది. బొటనవేలు ప్యాడు మీద అద్దింది. నిజం చెప్పాలంటే ఆమె ముద్ర వేయడానికే వచ్చింది. రేపు పొద్దున పొయ్యి ముందు, “అమ్మా, వెలుగుకు అడ్డం రాబాక” అని వినబడుతుంది. తను జరుగుతుంది. అంతకన్నా ఈ లోకంలో ఆమెకు కావలసింది ఏమీ లేదు. ఇంకుతో నీలంగా మారిన వేలు కాగితం పైకి పోయింది.

అక్కడ ఆగింది.

“పోలయ్యన్నా, ఒక్కమాట. నాకు చదువు రాదు. ఇందులో నా బిడ్డ అబద్ధం చెప్పినాడని ఉండాదంట. చెప్పినాడా?”

చిన్నపోలయ్య కాగితం సర్దుకున్నాడు.

“నువ్వు కాలవలో వల వేసేవోడివి గదా. చచ్చిన జెల్లల్ని ఏరి గట్టు మీద పారేసినోడివి గదా. నా మొహం చూసి చెప్పన్నా. వాడు అబద్ధం చెప్పినాడని నువ్వంటే ఇప్పుడే వేస్తా.”

షెడ్డు కింద పద్నాలుగు మంది మగవాళ్లు. ఒకడు బీడీ ఆర్పాడు. ఒకడు వల ముడి విప్పుతూ కూర్చున్నాడు. ఎండలో నిలబడ్డ ఆడవాళ్లలో ఎవరో ముక్కు చీదారు. రమణయ్య దూరంగా, ఎవరితోనూ కలవకుండా, బోర్లించిన పడవ పక్కన నిలబడి ఉన్నాడు.

“నిజమూ అబద్ధమూ తేల్చేది మనం గాదమ్మే,” అన్నాడు చివరకు చిన్నపోలయ్య, ఆమె మొహం చూడకుండానే. “పైనోళ్లు తేల్చినారు.”

“పైనోళ్లు మన కాలవ చూసినారా?”

“అడ్డమాటలు వద్దు పేరమ్మా. వెయ్యకపోతే చెప్పు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే కుదరదు. రమణయ్యను ఎవురూ పడవెక్కించుకోరు. మీ ఇంటికి నిప్పూ నీళ్లూ ఉండవు.”

అప్పుడు వినీల ఎండలోంచి షెడ్డు నీడలోకి వచ్చింది. ఆడవాళ్లు పెద్దల ముందు షెడ్డులోకి అడుగు పెట్టకూడదు, పిలిస్తే తప్ప. ఎవరూ పిలవలేదు.

“పెద్దకాపూ, వారం రోజులు గడువియ్యి. ఆయన ఫోను మాకాడ ఉండాది. అందులో అంతా ఉండాది. నెల్లూరు వకీలుకు ఇస్తండాం. నిజం తేలితే ఊరి మీద కేసూ ఉండదు, మచ్చా ఉండదు. శుక్రవారం లోపల ఫోను తెచ్చి ఈడ, మీ అందరి ముందర పెడతా. తేలేకపోతే మీరు చెప్పిన చోట నా సంతకం, మా అత్త ముద్ర.”

“ఉండాదా నిజంగా?” అన్నాడు చిన్నపోలయ్య. అతని గొంతులో ఏదో ఆశలాంటిది పలికింది.

వినీల వంగి అత్త నెత్తి మీద చెయ్యి పెట్టింది.

“మా అత్త మీద ఒట్టు. ఫోను మా ఇంట్లోనే ఉండాది.”

ఆ చెయ్యి కింద పేరమ్మ తల వంచుకుని కూర్చుంది. అబద్ధపు ఒట్టు ఎవరి మీద వేస్తే వాళ్లకే తగులుతుందంటారు. తగలాల్సిన చోటే తగిలిందని పేరమ్మ అనుకుంది.

*

ఇంటికి వచ్చాక పేరమ్మ సబ్బుతో మూడుసార్లు వేలు కడుక్కుంది. నీలం పోలేదు. వినీల కింద పడున్న చొక్కాలను ఒక్కొక్కటే మడతపెడుతోంది. ఏ చొక్కా వాడిదో ఆ చొక్కా దగ్గర ఆగుతోంది.

“వారం ఉండాది అత్తా,” అంది, తలెత్తకుండా. “మామ కాళ్లు పట్టుకుంటా. ఆయనకాడ ఉంటే ఇచ్చేస్తాడు. లేకపోతే చుట్టాలందరి ఇండ్లకూ పోతా. కోవూరు నుంచి వాకాడు దాకా, ఒక్కిల్లు వదల్ను.”

“మీ మామ తియ్యలేదు.”

“నీకెట్టా తెలుసు?”

“చుట్టాలూ తియ్యలేదు.”

చొక్కా మడత సగంలో ఆగింది.

పేరమ్మ చెప్పింది. కిటికీ, ఛార్జింగు, కవర్లు, వలదారం, జేబు, అన్నీ వరసగా చెప్పింది. చెప్పేటప్పుడు కోడలి మొహం చూడలేదు, తన నీలంవేలినే చూసుకుంది. చెప్పడం అయిపోయాక కూడా మాట్లాడుతూనే ఉంది. “వాడికి ఫోను లేక పొయ్యినాడు తల్లీ. ఈసారన్నా ఉండాలని. అందుకని. నాకు తెల్దు తల్లీ.”

వినీల అరుస్తుందనుకుంది. కొడుతుందనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. వినీల చొక్కాను ఒళ్లో పెట్టుకుని, దాని ఖాళీ జేబును వేలితో తడిమింది. పెరట్లో కాకి వచ్చి కంచం ముట్టి పోయింది.

చివరకు అడిగింది. “ఛార్జింగు నిండా ఉండెనా అత్తా?”

“నిండా. నూటికి నూరని ఆ పిల్ల చెప్పింది.”

“కవర్లు రెండూ గట్టిగా కట్టినావా?”

“వాడు కట్టినట్టే కట్టినా. నీళ్లు చొరవు.”

ఆ రెండు మాటలూ అన్నాక అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది. వచ్చిందని ఇద్దరికీ తెలిసింది. వినీల కళ్లు తలుపు వెనక గోడకు ఆనించి ఉన్న పార మీదికి పోయాయి.

“వద్దు తల్లీ,” అంది పేరమ్మ. “వాడు నిద్రపోతండాడు.”

“నిద్రపోలేదత్తా. ఆయన్ను అబద్ధాలకోరని రాసిన కాయితం ఊరంతా తిరగతాంది. ఎట్టా నిద్రపడతాది?”

పేరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కళ్లు మూసుకుంది, వినీల ఒళ్లోని చొక్కాలో మొహం దాచుకుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ బతుకయింది ఆమెది. తవ్వితే కొడుకు దారి మధ్యలో నిలబడిపోతాడు. తవ్వకపోతే అబద్ధాలకోరుగా పోతాడు. ముద్ర వేస్తే గొంతొస్తుంది, ఆ గొంతు ముందు తను నిలబడలేదు.

చాలాసేపటికి లేచింది. కొంగు నడుముకు బిగించింది.

“నువ్వు తాకబాక. పెళ్లాం తాకకూడదు. పెట్టిన చెయ్యే తియ్యాల.”

తలుపు వెనక్కి చెయ్యి చాచింది. చేతికి గోడ తగిలింది గాని పార తగల్లేదు.

వసారాలో రమణయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. పార అతని చేతిలో ఉంది. పొద్దున దొంగ అనిపించుకున్న మనిషి, నేను కాదని ఒక్క ముక్క చెప్పని పెళ్లాం వంక చూస్తున్నాడు. మొహం మీద కోపం లేదు. ఏముందో పేరమ్మకు తెలియలేదు.

“ఆ గుంట తవ్వింది నేను,” అన్నాడు. “పూడ్చింది నేను. ఆ మన్ను మీద చెయ్యి పెట్టి, ఇంక లేపనురా అని వాడికి మాటిచ్చింది కూడా నేనే.”

పారను మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని, గడపలో తలుపుకు వీపు ఆనించి, దారి మొత్తం మూసేసి కూర్చున్నాడు.